బాటా రేట్లలో ఊరి అభివృద్ధి

ఇంగ్లండ్‌లో ఏ కౌన్సిల్ (అంటే ఇక్కడి మున్సిపాలిటీ) బడ్జెట్ కాగితాలు తీసినా రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది ఎకనామిక్ గ్రోత్ స్ట్రాటజీ. దాని నిండా రంగుల బొమ్మలు, గాజు భవనాలు, కాఫీ కప్పు పట్టుకుని నవ్వే కుర్రకారు. రెండోది కౌన్సిల్ ట్యాక్స్ సపోర్ట్, అంటే ఆదాయం అంతంతమాత్రంగా ఉన్న ఇళ్లకు కౌన్సిల్ వేసే ఇంటి పన్నులో ఇచ్చే తగ్గింపు. దానికి బొమ్మలుండవు. ఈ పథకాన్ని సమీక్షిస్తున్నామని పొడిగా ఒక ముక్క ఉంటుంది. మొదటి దానికీ రెండో దానికీ సంబంధం లేదని అమాయకులు అనుకుంటారు. సంబంధం ఉంది. మొదటిది పెట్టుబడి, రెండోది దాని తాలూకు వసూలు.

కౌన్సిళ్లను తిట్టడం ఇక్కడ అందరూ చేసే పనే కాబట్టి నేను వెనకేసుకొద్దామని కూర్చున్నాను.

సర్రేలోని వోకింగ్‌ని చూడండి. లక్ష పైచిలుకు జనం ఉండే ఊరు. ఇంకో మున్సిపాలిటీ అయితే చెత్త ఎత్తించుకుంటూ, పార్కుల్లో గడ్డి కోయించుకుంటూ బతుకు వెళ్లదీసేది. వోకింగ్ కౌన్సిల్‌కి దూరదృష్టి ఉంది. ప్రభుత్వమే చవక వడ్డీకి అప్పిస్తుంటే తీసుకోనివాడు తెలివితక్కువవాడు కదా. తీసుకుంది. ఊరి నడిబొడ్డున విక్టోరియా స్క్వేర్ అని టవర్లు లేపింది, హిల్టన్ హోటల్ తెచ్చింది. 2023 జూన్‌లో లెక్క చూసుకుంటే లోటు 120 కోట్ల పౌండ్లు. ఆ ఏడాది కౌన్సిల్ చేతిలో ఉన్న అసలు నిధులు 1.6 కోట్లు. డెబ్బై అయిదు రెట్లు! మన దగ్గర వెంచర్లు వేసేవాళ్లు ఈ అంకె వింటే లేచి నిలబడి దణ్ణం పెడతారు.

అయితే మన రియల్టర్‌కి ఉన్న సౌకర్యం కౌన్సిల్‌కి లేదు. రాత్రికి రాత్రి బోర్డు తిప్పేయడం కుదరదు. చట్టప్రకారం ఇక్కడ కౌన్సిల్ దివాలా తియ్యదు. సెక్షన్ 114 నోటీసు ఇస్తుంది, అంటే తప్పనిసరి ఖర్చులు తప్ప కొత్తగా పైసా ఖర్చు పెట్టనని ఒప్పుకుంటుంది. పరిస్థితి ముదిరిన చోటికి ప్రభుత్వం కమిషనర్లను పంపిస్తుంది. వాళ్ల ఫీజులు కూడా ఆ మునిగిన కౌన్సిలే ఇచ్చుకోవాలి. అదీ పద్ధతి.

థరాక్ కౌన్సిల్ సోలార్ వ్యాపారంలో డబ్బు పెట్టింది. కాస్త ఎండ కాస్తే ఆఫీసులకు సెలవు పెట్టి పార్కుల్లో పడుకునే దేశంలో సూర్యుణ్ణి నమ్ముకుని 65 కోట్ల పౌండ్లు పెట్టడం భక్తి అనిపించుకుంటుంది గానీ బాధ్యతారాహిత్యం అనిపించుకోదు. 2022 డిసెంబర్‌లో నోటీసు. క్రాయిడన్ సొంతంగా ఇళ్లు కట్టే కంపెనీ పెట్టుకుని, దానికి తానే అప్పులిచ్చి, అది చాలక ఒక హోటల్ కూడా కొంది. 2020లో నోటీసు.

నాటింగ్‌హామ్‌ది మాత్రం కళాత్మకం. 2015లో రాబిన్‌హుడ్ ఎనర్జీ అని కరెంటు, గ్యాస్ అమ్మే కంపెనీ పెట్టింది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకునే దొంగ పేరు. అయిదేళ్లకు కంపెనీ మూతపడింది, సుమారు 3.8 కోట్ల పౌండ్ల నష్టంతో. కథలోని దొంగ కనీసం ఒక వర్గానికైనా న్యాయం చేశాడు. 2023 నవంబర్‌లో ఈ ఊరికీ నోటీసు వచ్చింది. అది ఒక్క కరెంటు కంపెనీ వల్లే కాదనుకోండి, కేంద్రం ఏళ్ల తరబడి గ్రాంట్లు కోస్తూ రావడమూ ఉంది. ఆ కోతల వల్లే కౌన్సిళ్లు వ్యాపారాల్లోకి దిగాయి. నిజానికి ఈ వ్యాసంలో అసలు విలన్ అక్కడే ఉన్నాడు. కానీ గుమ్మంలోకి బిల్లు పంపేది కౌన్సిల్ కాబట్టి మన తిట్లన్నీ దానికే.

ఇక వసూలు సంగతి. పెద్ద కౌన్సిళ్లు పన్నును ఏటా అయిదు శాతం గానీ అంతకు మించి గానీ పెంచాలంటే రెఫరెండం, అంటే ఊరి జనం ఓటింగ్, పెట్టాలి. అందుకే పెంపు 4.99. చితికిపోయిన కౌన్సిళ్లకు ప్రత్యేక అనుమతి దొరుకుతుంది. థరాక్ 9.99 (2023), బర్మింగ్‌హామ్ 9.99 (2024), క్రాయిడన్ ఏకంగా 14.99 (2023). చిన్నప్పుడు బాటా షాపులో చెప్పుల మీద చూసిన రేట్లే. బర్మింగ్‌హామ్‌లో పన్ను పెంచిన ఏడాదే పొదుపు కోసం వీధి దీపాల వెలుగు కూడా తగ్గిస్తామన్నారు. బిల్లు మీది అంకె చీకట్లో అంతగా బాధించదు.

ఈ పన్ను ఎవరికెంత అన్నది మరీ శాస్త్రీయం. ఇల్లు 1991 ఏప్రిల్ 1న ఎంత పలికేదో దాన్నిబట్టి ఎ నుంచి హెచ్ దాకా ఒక బ్యాండ్, అంటే పన్ను తరగతి. అప్పటికి పి.వి. ఇంకా ప్రధాని కాలేదు. నిన్నగాక మొన్న కట్టిన ఫ్లాట్ అయినా సరే, అది ఆ రోజుకే ఉండి ఉంటే ఎంత చేసేదో ఊహించి రాసుకుంటారు. ఎంత గొప్ప ఇల్లయినా ఆఖరి బ్యాండ్ హెచ్ దాటదు. అందుకని 2024-25లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో హెచ్ బ్యాండ్ బిల్లు రెండు వేల పౌండ్ల లోపు, ఇంగ్లండ్‌లో సగటు డి బ్యాండ్ ఇంటి బిల్లు 2,171. రాజుగారికి ఊళ్లో వాళ్లంతా తలా కాస్త చేయందించడం ఎప్పటినుంచో ఉన్న ఆచారమే.

తగ్గింపు పథకాన్ని 2013లో కేంద్రం కౌన్సిళ్ల చేతిలో పెట్టింది, డబ్బులో పదో వంతు తగ్గించి మరీ. పెన్షనర్ల జోలికి వెళ్లొద్దంది. కాబట్టి కోయాల్సిందల్లా పనిచేసే వయసు పేదల దగ్గరే కోయాలి. చాలా చోట్ల ఎంత లేనివాళ్లయినా పన్నులో కొంత కట్టి తీరాలనే నియమం వచ్చింది. మాట వరసకు 1,200 పౌండ్ల బిల్లులో 20 శాతం అనుకోండి, ఏడాదికి 240. ఒక వాయిదా తప్పితే హెచ్చరిక లేఖ, వారం గడువు. అప్పుడూ కట్టకపోతే ఏడాది బాకీ మొత్తం ఒక్కసారే కట్టమంటారు. తర్వాత కోర్టు సమన్లు, దాని ఖర్చులు వేరే. ఆ పైన బెయిలిఫ్, అంటే బాకీ వసూలుకి ఇంటికొచ్చే మనిషి. 2024-25 రేట్లలో ఫైలు అతని చేతికి వెళ్లగానే 75 పౌండ్లు, గుమ్మం దాకా వస్తే ఇంకో 235. మొత్తం 310. నిన్నటి దాకా 240 బాకీ ఉన్న మనిషి, కోర్టు ఖర్చులు కలపకుండానే, ఇవాళ 550 బాకీ. విక్టోరియా స్క్వేర్ టవర్లకు గానీ, థరాక్ సూర్యుడికి గానీ చేతకాని వృద్ధి ఒక కౌన్సిల్ ఫ్లాట్ గుమ్మంలో పావుగంటలో జరిగిపోయింది. దీన్ని ఆ రంగుల పుస్తకంలో వెయ్యకపోవడం అన్యాయం.

గ్రోత్‌లో మన తెలుగువాళ్ల వంతు చిన్నదేం కాదు. హాట్‌ఫీల్డ్‌లోనో కోవెంట్రీలోనో ఒకే ఇంట్లో అయిదుగురు కుర్రాళ్లు, అంతా ఫుల్‌టైమ్ విద్యార్థులు. పన్ను లేదు. ఒకడికి కోర్సు అయిపోతుంది. ఇంట్లో మిగతా నలుగురూ లెక్కలోకి రారు కాబట్టి 25 శాతం తగ్గింపు పోగా బిల్లంతా వాడి పేరు మీదే.

"మామా, కంగ్రాట్స్ రా, నీకు లెటరొచ్చింది."

"జాబ్ లెటరా?"

"కౌన్సిల్ ది."

ఉద్యోగం ఇంకా దొరకలేదు కాబట్టి తగ్గింపు అడుగుదామంటే, వీసా మీద పబ్లిక్ ఫండ్స్ వర్తించవని రాసి ఉంటుంది. కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు ఆ పబ్లిక్ ఫండ్స్‌లో ఒకటి. కట్టేటప్పుడు ఊరివాడు, అడిగేటప్పుడు పొరుగూరివాడు. అద్దెకున్నా పన్ను మనమే కట్టాలన్న సంగతి వాడికి అప్పుడే తెలుస్తుంది. ఓనర్‌కి ఫోన్ చేసి అడిగి, నవ్వించి, ఫోన్ పెట్టేస్తాడు.

మునిగిన కౌన్సిళ్లకు మాత్రం కేంద్రం సాయం చేస్తోంది. ఆ సాయం ఎక్కువగా ఇంకా అప్పు తీసుకోవడానికో, ఉన్న ఆస్తులు అమ్ముకుని రోజువారీ ఖర్చులకు వాడుకోవడానికో అనుమతి. అప్పుల్లో ఉన్న ఇంటి పెద్దకు మన బంధువులిచ్చే సలహా ఇంతకంటే భిన్నంగా ఉండదు, పైగా వాళ్లు ఫీజు తీసుకోరు.

మా కౌన్సిల్ నుంచి ప్రజాభిప్రాయ సేకరణ ఫారం నాకూ వచ్చింది. మీ సూచనలు రాయండన్నారు, చిన్న పెట్టె ఇచ్చారు. రాశాను. పన్ను మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాల్లోనే వసూలు చేస్తున్నారు, ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ ఊరికే పోతున్నాయి, దయచేసి గ్రోత్ స్ట్రాటజీ వారు గమనించగలరు అని.