పాప పక్కన సున్నా

బెజవాడలో ఐదారేళ్ళ పిల్లల ఆగడాలు శ్రుతి మించుతున్నాయి. ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా అని, ఎనిమిదేళ్ళుగా బాధితురాలినైన నేనే విప్పుతున్నాను. వీళ్ళు ప్రశ్నలు అడుగుతున్నారండీ. అదీ ఎదురుగా నిలబడి, మొహం మీదే. అంతకన్నా ఘోరం, జవాబు చెబితే నమ్మేసి వెళ్ళి ఆడుకుంటున్నారు.

మొన్న ఆదివారం రాజీవ్ గాంధీ పార్కులో ఏం జరిగిందో వినండి. మా అమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ. వాకర్ పట్టుకుని నడుస్తుంది, కాళ్ళకి స్ప్లింట్లు. మొక్కజొన్న పొత్తు తింటున్న ఒక బుడ్డోడు తిన్నగా దాని ముందుకొచ్చి ఆగాడు.

"నీ కాళ్ళకి ఆ డబ్బాలేంటి?"

"స్ప్లింట్లు."

"ఎందుకు?"

"లేకపోతే నా మడమలు కింద ఆనవు."

"ఎందుకు ఆనవు?"

ఇక్కడ నేను కల్పించుకున్నాను. నడవండి అని బుర్ర కాళ్ళకి ఫోన్ చేస్తుందనీ, ఈ అక్క ఏడో నెలకే తొందరపడి పుట్టేసిందనీ, అప్పుడు బుర్రలో కొంచెం దెబ్బతిందనీ, అందుకే సిగ్నల్ సరిగ్గా అందక కాళ్ళు బిగుసుకుపోతాయనీ చెప్పాను. వాడు రెండు గింజలు నములుతూ ఆలోచించాడు.

"సిమ్ మార్చండి."

ఈ ఎనిమిదేళ్ళలో మాకు అందిన సలహాల్లో ఖర్చు తక్కువైనది ఇదే. తర్వాత వాకర్‌కి బ్రేకులున్నాయా అన్నాడు, లేవని తెలిసి నిరాశపడ్డాడు, ఒక రౌండు తొక్కుతానన్నాడు. ఈలోగా వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకుని లాగేసింది. "తప్పు! అలా అడక్కూడదు! అక్కకి సారీ చెప్పు!" దేనికో తెలియక వాడు పొత్తు వైపు చూస్తూ సారీ చెప్పాడు. మా అమ్మాయి ముఖం కూడా అప్పుడే చిన్నబోయింది. అంతవరకూ స్ప్లింట్ల గురించి మాట్లాడుతున్నామనుకుంది, తప్పు గురించని తెలియదు. ఆవిడ వెళ్తూ వెళ్తూ తల ఒక పక్కకి వాల్చి "పాపం" అంది.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. జాలికీ, చేసిన తప్పుకీ మన భాషలో మాట ఒకటే. పాపం అంటే అయ్యో అనుకోవాలో, పోయిన జన్మలో చేసుకున్నది అనుకోవాలో వినేవాళ్ళ ఇష్టం. నాకు పుట్టింది పాప. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి ఎవరొచ్చినా ఆ పాప పక్కన ఒక సున్నా పెట్టి పోతున్నారు. చెరిపేసిన చోటే మళ్ళీ పెడుతున్నారు.

పెద్దవాళ్ళు పిల్లల్లా మొరటుగా అడగరు, వాళ్ళకో పద్ధతుంది. ముందు చూడనట్టు చూస్తారు. తర్వాత పిల్లని దాటుకుని నన్ను అడుగుతారు. "మాటలొచ్చా?" "వచ్చండీ" అంటుంది మా అమ్మాయి. "తనంతట తనే తింటుందా?" మళ్ళీ నన్నే. "మీరేమైనా పెడితే తింటానండీ" అంటుంది అది. వాళ్ళకి వినపడదు. పేరు అడిగినవాళ్ళు తక్కువ. మేనరికమా అని అడగనివాళ్ళు ఇంకా తక్కువ. కాదంటే నిరాశపడతారు, అంతలోనే తేరుకుని, "గ్రహణం రోజు బయట తిరిగావేమో" అంటారు. పెదవి చీలికతో పుడితే గ్రహణం మొర్రి అని మనవాళ్ళు ఏనాడో పేరు పెట్టేశారు. అంటే గ్రహణం కూడా పెదవి దగ్గరే ఆగింది. దాన్ని కాళ్ళ దాకా దింపిన ఘనత మా సత్యనారాయణపురం పెద్దలది. ఇది అంటుకునే జబ్బు కాదనీ, బుర్రలో తగిలిన ఆ దెబ్బ ఇక పెరిగేది కాదనీ వాళ్ళకీ చెప్పాను. తల ఊపారు. అందులో ఒక అత్తగారు మాత్రం, కడుపుతో ఉన్న కోడల్ని మా గేటు ముందు నుంచి కాకుండా పక్క సందులోంచి తిప్పి తీసుకెళ్ళేది. ఆవిడ మర్యాదస్తురాలు. ఇంతవరకు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ర్యాంకుల ఊరు కాబట్టి మాకు శాతాలంటే ఇష్టం. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ వచ్చిన రోజు పక్కింటి బాబాయిగారు "ఎంతొచ్చిందమ్మా?" అన్నారు. అరవై అన్నాను. "ఫస్ట్ క్లాసే" అని ఆగి, ఏమన్నారో తెలిసి లోపలికెళ్ళిపోయారు. ఆయన తప్పేం లేదు. ఇంటర్ పాసవడానికి 35 చాలు గానీ, ఈ పరీక్షలో 40 రావాలి. అంతకు ఒక్కటి తగ్గినా చట్టంలో చాలా మేళ్ళకి పిల్ల ఫెయిలే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టంలో ఇరవై ఒకటయ్యాయి. పేర్లయితే లెక్కే లేదు. అవిటి అన్నాం, వికలాంగులు అన్నాం, ఇప్పుడు విభిన్న ప్రతిభావంతులు. నోరు తిరగని పేరు పెట్టుకుని, ఆ పేరు రాసిన బోర్డు కింద మెట్లు ఎక్కలేక నిలబడటం కూడా ఒక ప్రతిభే అనుకోండి.

ఆ 2016 చట్టమే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువు చెప్పాలంటుంది, స్కూళ్ళు వివక్ష లేకుండా చేర్చుకోవాలంటుంది. ఊళ్ళో ఒక పెద్ద స్కూలుకి వెళ్ళాం. ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, చట్టాన్ని చాలా మెచ్చుకున్నారు. "మాకేం అభ్యంతరం లేదండీ. మిగతా పిల్లలు ఊరుకోరు, ఏదో ఒకటి అడిగేస్తారు. మీ పాప మనసు నొచ్చుకుంటుంది." ఆయన మనసు ఎంత నొచ్చుకుందంటే, చేర్చుకోలేదు. అప్పటికే తలుపు దగ్గర నాలుగు తలకాయలు. "సార్, ఈ అమ్మాయి మా క్లాసేనా?" అంది అందులో ఒకటి. చూశారా, అన్నట్టు నా వైపు చూశారాయన. "క్లాసుకెళ్ళండి!" అని అరిచారు.

చివరికి వేరే స్కూల్లో చేరింది. మొదటిరోజు అడగాల్సినవన్నీ అడిగేశారట. మధ్యాహ్నానికి ఎవరి బాక్సులో బెండకాయ వేపుడుందన్న దగ్గరికి వచ్చేశారు.

కాబట్టి పిల్లల్ని వెంటనే కట్టడి చేయాలని మనవి. ఐదేళ్ళకే "ష్" అనడం మొదలుపెడితే, పదిహేనేళ్ళకి చూపు తిప్పుకోవడం, పాతికేళ్ళకి నిట్టూర్చడం, నలభైకి కాళహస్తిలో పూజ చేయించమనడం ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చేస్తాయి. ఇప్పటిదాకా ఈ శిక్షణ వమ్ముకాలేదు. అక్కడక్కడా ఒకరిద్దరు లొంగడం లేదంతే.

దసరాల్లో దుర్గమ్మ కొండ కింద అలాంటివాడే తగిలాడు. నేను చెప్పుల స్టాండు దగ్గర వరసలో ఉన్నాను. మా అమ్మాయి వాకర్ ముందు పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. మనవడితో వెళ్తున్న ఒక పెద్దావిడ వంగి దాని చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టింది. నేను చూసేసరికే నోటు గుప్పిట్లో ఉంది. వెనక్కి ఇచ్చేయమందామని నోరు తెరిచేలోపు మనవడు అందుకున్నాడు.

"ఆ అక్కకే ఎందుకిచ్చావు? నాకు?"

"పాపం కదా నాన్నా."

"పాపం అంటే ఏంటి నాయనమ్మా?"

ఆవిడ నన్ను చూసింది, నేను ఆవిణ్ణి చూశాను. "ముందు చెప్పులు విప్పు" అంది.

ఆవిడ టోకెన్ తీసుకునేలోపు ఇరవై కాస్తా రెండు పుల్ల ఐసులైపోయింది. ఒకటి నారింజ రంగుది, ఒకటి ద్రాక్ష. వాడికి ద్రాక్షది ఇచ్చింది మా అమ్మాయి. వాడు దానివైపే చూడలేదు, నారింజది లాక్కున్నాడు. ఇది లేచి నిలబడి, వాకర్ చక్రం తీసుకెళ్ళి వాడి కాలి మీద పెట్టింది.