కౌంటీ హద్దులంటే మనకింత నిర్లక్ష్యమా?

నిన్న రాత్రి డాలస్ దగ్గర ఒక గృహప్రవేశ విందులో, చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో స్థిరపడిన ఒక పెద్దాయన "కౌంటీ కమిషనర్ ఎవరైతే మనకేమిటండీ, అధ్యక్షుడికి ఓటేస్తే చాలదా?" అన్నారు. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే. చుట్టూ కూర్చున్నవారంతా అవునన్నట్టు తలలూపారు. నాకింకా ఆ కోపం చల్లారలేదు. ఇంటి పన్ను బిల్లు వచ్చిన రోజున లబోదిబోమనేది వీరే. ఆ బిల్లులో కౌంటీ వాటాకు రేటు ఖరారు చేసేది ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉండే కమిషనర్స్ కోర్టు; పేరుకు కోర్టయినా అది కౌంటీ పాలకమండలి. ఆ నలుగురూ గెలిచే ప్రీసింక్ట్‌ల, అంటే కౌంటీలోని నియోజకవర్గాల, హద్దులను గీసేదీ ఆ కోర్టే.

ఆ గీతలతో ఎంత అన్యాయం చేయవచ్చో తెలియాలంటే 1960లలోని మిడ్లాండ్ కౌంటీని చూడాలి. అక్కడ ఒక ప్రీసింక్ట్‌లో 67,906 మంది ఉంటే, మిగతా మూడింటిలో 852, 414, 828 మంది ఉండేవారు. ఊరంతటికీ ఒక్క కమిషనర్, రెండు వేల పైచిలుకు పల్లె జనానికి ముగ్గురు! కమిషనర్ల దృష్టి ఎక్కువగా పల్లె రోడ్ల మీదే ఉంటుంది కాబట్టి ఇందులో తప్పులేదని సమర్థించుకున్నారు. ప్రతి ఓటుకూ సమాన విలువ ఉండాలన్న సూత్రం కౌంటీలకూ వర్తిస్తుందని 1968లో సుప్రీంకోర్టు తేల్చేదాకా ఆ వాదన చెల్లింది.

జనాభా సమానంగా పంచినంత మాత్రాన న్యాయం జరగదు. అప్పట్లో టెక్సాస్‌లో ఓటు హద్దులు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి కావాలి; అందుకే గాల్వెస్టన్ కౌంటీ గీసిన హద్దులకు 2012లో కేంద్ర న్యాయశాఖ అభ్యంతరం చెప్పగలిగింది. మరుసటి ఏడాది, అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో వచ్చిన తీర్పుతో ఆ ముందస్తు అనుమతి నిబంధన అమలు ఆగిపోయింది. ఇక అడ్డు చెప్పేవారు లేకపోవడంతో, నల్లజాతివారు, లాటినోలు కలిసి మెజారిటీగా ఉన్న ఏకైక ప్రీసింక్ట్‌ను గాల్వెస్టన్ 2021లో ముక్కలు చేసింది. అది చట్టవిరుద్ధమని 2023లో జిల్లా న్యాయమూర్తి చెప్పినా, రెండు మైనారిటీ వర్గాలు కలిసి ఓటు హక్కుల చట్టం కింద అలాంటి రక్షణ కోరలేవని 2024లో అయిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. ఏ ప్రీసింక్ట్‌లోనూ ఒంటరిగా మెజారిటీ కాలేని మనకు, మరో వర్గంతో చేతులు కలిపి న్యాయం అడిగే దారిని టెక్సాస్‌లో మూసేసింది ఆ తీర్పే. దాన్ని మనవాళ్లలో ఎందరు పట్టించుకున్నారు?

అన్నిటికన్నా నా కడుపు మండేది టారెంట్ కౌంటీ విషయంలో. కొత్త జనాభా లెక్కలేవీ రాకుండానే, 2025 జూన్‌లో అక్కడ 3–2 ఓట్లతో హద్దులు మార్చేశారు. సరిసంఖ్య ప్రీసింక్ట్‌లకు 2026లో, బేసి వాటికి 2028లో ఎన్నికలు. కాబట్టి రెండో ప్రీసింక్ట్‌లో 2022లో ఓటేసి, ఈ మార్పుతో బేసి ప్రీసింక్ట్‌లోకి వెళ్లిన ఓటరు మళ్లీ కమిషనర్‌ను ఎన్నుకోవాలంటే ఆరేళ్లు ఆగాలి. ఇల్లు మారకుండానే, ఏ తప్పూ చేయకుండానే, ఒక ఎన్నిక అతని చేజారిపోయింది.

మన సంఘాల మీద నాకు ఎప్పటినుంచో ఉన్న ఆగ్రహం కూడా ఇదే. సంక్రాంతి వేదిక మీదికి కమిషనర్లను పిలిచి శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు, హద్దుల మీద బహిరంగ విచారణ జరిగే రోజున ఒక్కరూ కనిపించరు. 2030 జనాభా లెక్కలు రాగానే కౌంటీలన్నీ మళ్లీ గీతలు సరిచూసుకోవాలి. అప్పుడైనా ప్రతి సంఘమూ పదిమందిని ఆ మైకు ముందుకు పంపాలి. పంపలేని కార్యవర్గాన్ని మన సంఘం ఎన్నికల్లోనే దించేయాలి.