చౌక పాల బిల్లు ఎవరు కడుతున్నారు?

2011 జనవరి 26న ఆస్ట్రేలియాలో కోల్స్ సూపర్‌మార్కెట్ సంస్థ తన సొంత బ్రాండ్ పాలను లీటరు ఒక డాలరుకు దించింది. పోటీ సంస్థలూ వెంటనే అదే ధరకు దిగాయి. ఆ డాలరు ఎనిమిదేళ్ల పాటు అక్కడి నుంచి కదల్లేదు. దాణా, డీజిల్, కరెంటు, కూలి, వడ్డీ మాత్రం ఎక్కడా ఆగలేదు. పాలనే ఎందుకు ఎంచుకుంటారంటే, ప్రతి ఇంటికీ కావాల్సిన సరుకు అదే, ధర అందరికీ నోటికి వచ్చే సరుకూ అదే. పాల కోసం వచ్చిన మనిషి ఇంకో పది వస్తువులు బుట్టలో వేసుకోకుండా వెళ్లడని వ్యాపారులకు తెలుసు.

అలా అమ్ముకోవడంలో తప్పేమీ లేదు. నెలాఖరుకు లెక్క చూసుకుని ఖర్చుపెట్టే కుటుంబాలకు చౌక పాలు పెద్ద ఊరట. ఆ తగ్గింపును దుకాణం తన లాభంలోంచి భరిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, రైతు సొమ్ముతో ఆఫర్లు పెడితేనే పేచీ.

బేరంలో రైతు ఎందుకు ఓడిపోతాడో తెలియాలంటే పాల ట్యాంకు దగ్గరికి వెళ్లాలి. ఆవును రోజుకు రెండు పూటలా పిండాల్సిందే. ధర నచ్చలేదని మానేస్తే పొదుగు పాడవుతుంది. నాలుగు డిగ్రీలకు చల్లబరిచి ఉంచినా, ఒకటి రెండు రోజుల్లో ట్యాంకర్ వచ్చి తీరాలి. రాకపోతే తర్వాతి పూట పాలకు ట్యాంకులో చోటుండదు. ఇక వాల్వు తిప్పి పారబోయడమే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌తో కెఫేలు, హోటళ్లు మూతపడినప్పుడు బ్రిటన్‌లో కొందరు రైతులకు ఆ గతే పట్టింది. పెయ్య పుట్టి, చూడి కట్టి, తొలి ఈత ఈనేసరికి దాదాపు రెండేళ్లు పడుతుంది. అందుకే ధర పెరిగిందని మర్నాడే పాలు పెంచలేరు, తగ్గిందని మర్నాడే మానలేరు. పైగా ధర పడితే బ్యాంకు కిస్తీ కోసం మరికొన్ని లీటర్లు ఎక్కువ తీయాలని చూస్తారు. అందరూ అదే పని చేసేసరికి ధర ఇంకా పడుతుంది. కొనేవాడికి ఈ తొందర ఏదీ లేదు.

తప్పంతా సూపర్‌మార్కెట్లదే అనడం కూడా సరికాదు. పాలపొడి, వెన్నలకు ప్రపంచ మార్కెట్లో పలికే రేటు రైతు చేతికొచ్చే ధరను గట్టిగానే ఊపుతుంది. ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక, డాలరు పాల వల్ల రైతు ధర నేరుగా పడిపోయిందనడానికి ఆధారం లేదని చెప్పింది. కానీ రైతుకీ పాలు కొనే డెయిరీకీ మధ్య ఒప్పందాలు ఏకపక్షంగా ఉన్నాయని, తప్పనిసరి నియమావళి కావాలని చెప్పిందీ ఆ నివేదికే. 2016 ఏప్రిల్‌లో ఆ దేశపు పెద్ద పాల సహకార సంస్థ ముర్రే గౌల్బర్న్, సీజన్ ముగియబోతుండగా ఏడాది మొత్తానికీ వర్తించేలా ధర కోసేసింది. అప్పటికే అందిన సొమ్ములో కొంత రైతులు తిరిగి కట్టాల్సిన బాకీగా మారింది! అదీ రైతుల సొంత సంస్థే. ఒప్పందంలో ఆ వెసులుబాటు ఉంటే, వాడుకునేది ఎవరైనా దెబ్బ రైతుకే.

మా వాదన కూడా ఇక్కడే ఉంది. అరలో అతికించిన ధర చీటీ మీద కన్నా, రైతు సంతకం పెట్టే కాగితం మీద ప్రభుత్వాలు దృష్టి పెట్టాలి.

ఈ సంగతి బ్రిటన్‌కు ఆలస్యంగా తెలిసొచ్చింది. 1933లో ఏర్పడిన పాల మార్కెటింగ్ బోర్డు ఇంగ్లండ్, వేల్స్ రైతుల పాలన్నీ కలిపి అమ్మిపెట్టేది. 1994లో దాన్ని రద్దు చేయడంతో చాలామంది రైతులు బేరంలో ఒంటరివాళ్లయ్యారు. 2014 చివరికి ఆ రెండు ప్రాంతాల్లో పాడి రైతుల సంఖ్య 10 వేల దిగువకు వచ్చింది. 2015 ఆగస్టులో స్టాఫర్డ్‌లో రైతులు ఏకంగా సూపర్‌మార్కెట్‌లోకి ఆవులనే తోలుకొచ్చారు. అదే నెలలో మారిసన్స్ సూపర్‌మార్కెట్ సంస్థ, లీటరుకు పది పెన్నీలు ఎక్కువ తీసుకుని ఆ మొత్తం రైతుకు ఇస్తామంటూ కొత్త బ్రాండు ప్రకటించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రైతుకు గిట్టుబాటు ధర అనేది ఇష్టమున్నవాళ్లు కొనుక్కునే ఒక రకం సరుకుగా మారడం మాకు రుచించదు.

కొన్ని సూపర్‌మార్కెట్లు ఎంపిక చేసిన రైతులకు ఉత్పత్తి ఖర్చును బట్టి ధర ఇస్తున్నాయి. ఆ జాబితాలో ఉన్నవాళ్ల పరిస్థితి మెరుగే. అందులో చోటు దొరకని పక్క పొలం రైతు, అవే పాలను మార్కెట్ ఎంత ఇస్తే అంతకు అమ్ముకోవాలి.

సూపర్‌మార్కెట్లు తమకు సరుకిచ్చేవాళ్లతో న్యాయంగా నడుచుకుంటున్నాయో లేదో చూడటానికి 2013లో బ్రిటన్ నియమించిన అధికారి, కిరాణా నియమావళి అడ్జుడికేటర్. ఆ అధికారి పరిధిలోకి సూపర్‌మార్కెట్లకు నేరుగా సరుకిచ్చేవాళ్లే వస్తారు. డెయిరీకి పాలు పోసే రైతు రాడు. ఆ ఖాళీని పూరించే పాల ఒప్పంద నిబంధనలు 2024 జులైలో కొత్త ఒప్పందాలకు వర్తించడం మొదలైంది. వాటి ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ధర ఎలా కట్టారో రైతుకు తెలియాలి, కొనేవాడు తన ఇష్టానికి దాన్ని మార్చకూడదు. రైతులు వీధికెక్కిన తర్వాత దీనికి తొమ్మిదేళ్లు పట్టింది.

స్పెయిన్ ఇంకో దారి పట్టింది. 2021 చివర్లో తెచ్చిన చట్టంతో, ఏ అంచెలోనూ ఉత్పత్తి ఖర్చు కన్నా తక్కువకు కొనకూడదంది. వినడానికి బాగుంది గానీ, ఎవరి ఖర్చు? ముప్పై ఆవుల రైతు ఖర్చూ, మూడు వందల ఆవుల రైతు ఖర్చూ ఒకటి కావు. తగువంతా లెక్కల దగ్గరే తేలకుండా ఉండిపోయే ప్రమాదముంది. 2018 చట్టంతో ఫ్రాన్స్ ఎంచుకున్న పద్ధతి మాకు నచ్చింది. అక్కడ ఒప్పంద ప్రతిపాదన రైతు పక్షం నుంచే మొదలవ్వాలి, ధరను ఉత్పత్తి ఖర్చు సూచికలతో ముడిపెట్టాలి. దాణా రేటు పెరిగితే ధర కదలాలి, తగ్గితే రైతూ కొంత సర్దుకోవాలి.

ఏ చట్టమైనా ఫిర్యాదుల మీదే నడిస్తే కాగితానికే పరిమితమవుతుంది. ఒక ప్రాంతానికి ఒకే డెయిరీ ట్యాంకర్ వచ్చేచోట పేరు పెట్టి ఫిర్యాదు చేసే రైతు ఎవరుంటారు? మర్నాడు ట్యాంకర్ వస్తుందో రాదోనన్న టెన్షన్ ముందు ఏ హక్కూ నిలబడదు. ఎవరూ అడగకపోయినా డెయిరీల నుంచి, సూపర్‌మార్కెట్ల నుంచి ఒప్పందాలు, చెల్లింపు లెక్కలు తెప్పించుకుని చూసే అధికారం నియంత్రణ సంస్థకు ఉండాలి. జరిమానాను సంస్థ టర్నోవర్‌లో శాతంగా కట్టాలి. బ్రిటన్ అడ్జుడికేటర్‌కు టర్నోవర్‌లో ఒక శాతం దాకా విధించే అధికారం 2015 నుంచీ ఉంది. పాల ఒప్పందాలకు అంతకన్నా తక్కువ పెట్టడానికి కారణమేమీ కనిపించడం లేదు.