ఇసుక మనది, ఫ్లాస్కు వాళ్లది

గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక లారీల గొడవ అందరికీ తెలిసిందే. పర్మిట్లెవరివి, తవ్వేదెవరు అన్నదాని మీద కావాల్సినంత రచ్చ అయింది. ఆ తెల్లటి ఇసుకతో ఏం చేయొచ్చో చెప్పగలిగే కుర్రాళ్లు మన దగ్గర ఎందుకు తయారవడం లేదన్నది నా గొడవ.

ల్యాబులో ఉండే ఫ్లాస్కు బోరోసిలికేట్ గాజు. నూటికి దాదాపు 80 పాళ్లు సిలికా, 13 పాళ్లు బోరాన్ ఆక్సైడ్. మామూలు గాజు వేడికి వ్యాకోచించే దాంట్లో ఇది సుమారు మూడో వంతే వ్యాకోచిస్తుంది. బర్నర్ సెగ తగిలినా చిట్లకపోవడం ఆ 13 పాళ్ల పుణ్యమే.

బోరాన్ మనకెక్కడుందంటారు. నిజమే, ప్రపంచ నిల్వల్లో సింహభాగం టర్కీది, మనం దిగుమతి చేసుకోవాల్సిందే. కానీ 80 పాళ్ల సరుకు గూడూరు పక్కనే ఉంది, రేవు కృష్ణపట్నంలో ఉంది. లేనిదల్లా బోరాన్‌తో పని తెలిసిన చేతులు.

ఆ మాటా పూర్తిగా నిజం కాదు. మొన్న నెల్లూరు చిన్నబజారులో తెగిన గొలుసు అతికించడానికిచ్చి కూర్చున్నాను. ఆచారిగారు అతుకు మీద తడి వెలిగారం కుంచెతో అద్ది మంట తగిలించారు. అది పేలాల్లా తెల్లగా పొంగింది, మరుక్షణం కరిగి గాజులా మెరిసింది. టంకం దానికిందనుంచి జరజరా పాకిపోయింది. "ఇది లేకపోతే టంకం ముద్దగట్టి నిలబడిపోద్ది సార్" అన్నారు. వెలిగారమంటే బోరాక్సే. కరిగినప్పుడు లోహం మీది ఆక్సైడును తనలో కలిపేసుకుంటుంది.

లవణంలో ఏ లోహం ఉందో రంగును బట్టి పట్టుకునే బోరాక్స్ పూస పరీక్ష కూడా ఇదే. తీగ కొసన వెలిగారం కరిగించి, పూసకు ఇసుమంత కోబాల్ట్ లవణం తాకించి మళ్లీ కాలిస్తే ముదురు నీలం. కంసలి కొట్టులో, ల్యాబులో, గాజు ఫ్యాక్టరీలో జరిగేది ఒకే కెమిస్ట్రీ. బోరాన్ అక్కడితో ఆగదు. బోరాన్ కార్బైడ్ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ల పలకల్లోకీ, అణు రియాక్టర్ల కంట్రోల్ రాడ్లలోకీ వెళ్తుంది. బోరాన్ సమ్మేళనాలతో కొత్త అణువులు కట్టే దారి చూపినందుకు 1979లో హెర్బర్ట్ బ్రౌన్‌కు నోబెల్ వచ్చింది. బోరాన్ సాయంతో కార్బన్లను జోడించిన అకిరా సుజుకికి 2010లో వచ్చింది. ఆ పద్ధతి ఇవాళ మందుల తయారీలో మామూలు పని.

మన పిల్లలకు వస్తున్నవి మార్కులు. డైబోరేన్ అనే బోరాన్-హైడ్రోజన్ సమ్మేళనంలో రెండు బోరాన్లనూ కలిపే బ్రిడ్జి హైడ్రోజన్లు ఎన్నని అడిగితే నిద్రలో కూడా రెండంటారు. పూస చూశావా అంటే మొహం చూస్తారు. నాకు తెలిసిన ఓ జూనియర్ కాలేజీలో ల్యాబుకు వేసిన తాళం పరీక్షల వారం ముందే తెరుచుకుంటుంది. రికార్డులు బయట రాయించుకుంటారు. అందరి రికార్డులోనూ పూస నీలమే, ఒక్కడిదీ మాడిపోదు.

ర్యాంకు తెచ్చేది ప్రాక్టికల్స్ కాదు కదా అని తల్లిదండ్రులు అంటారు. లక్షలు కట్టినవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ర్యాంకు సీటు వరకే. ఆ తర్వాత పరిశోధనలో చేరిన పిల్లవాడు ఫ్లాస్కు పట్టుకోవడం ఇరవై రెండో ఏట మొదలుపెడుతున్నాడు.

ఖర్చు అంటారేమో. ప్లాటినం తీగ అక్కర్లేదు, నైక్రోమ్ తీగ చాలు. స్పిరిట్ దీపం చాలకపోతే ఆచారిగారి దగ్గరున్నలాంటి ఊదుగొట్టం ఒకటి కొనండి. వెలిగారం చిన్నబజారులో దొరుకుతుంది. పరీక్ష రోజు పొద్దున పేరు చెప్పకుండా ఒక లవణం చేతికిచ్చి, ఏ రంగు వచ్చిందో రాయమనండి. ఆ మార్కులు మాత్రమే వేయండి.