గ్రూపులో పీడీఎఫ్ పెడితే పాఠం చెప్పినట్టేనా?

ఇప్పుడు చాలా క్లాసులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంటోంది. టీచర్ అందులో పీడీఎఫ్ పెడతారు, యూట్యూబ్ లింకు పెడతారు, పరీక్ష తేదీ చెబుతారు. పిల్లల నుంచి ‘ఓకే సార్’, ‘థాంక్యూ మేడమ్’ వరసగా వచ్చి పడతాయి. గోడ మీదున్న నోటీసు బోర్డు ఫోన్‌లోకి వచ్చిందంతే. దీన్ని డిజిటల్ బోధన అనడానికి నాకు మనసొప్పదు. పిల్లలు తామే రాసి, ఒకరిది ఒకరు దిద్దుకునే చోటు ఉండాలి.

1995లో అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ తెరిచిన మొదటి వికీలో, అంటే అందరూ కలిసి రాసే వెబ్‌సైటులో, కొత్తదనం ఒక్కటే: చదివే మనిషే ఆ పేజీని దిద్దవచ్చు. 2001లో వికీపీడియా ఆ పద్ధతి మీదే మొదలైంది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి 2007లో వచ్చిన స్క్రాచ్ అనే వెబ్‌సైటులో ఒకరు చేసిన ఆటను మరో పిల్ల తెరిచి, లోపలి కోడ్ చూసి, మార్చి, మళ్లీ పంచుకోవచ్చు. మొదట చేసినవాళ్ల పేరు అక్కడే కనిపిస్తుంది. కాపీ కొట్టడం వేరు, ఇంకొకరి పని చూసి నేర్చుకోవడం వేరు అని పిల్లలకు ఇంత తేలిగ్గా అర్థమయ్యే చోటు మరొకటి నాకు కనపడలేదు.

వికీలో టీచర్‌కి అన్నిటికన్నా పనికొచ్చేది ‘చరిత్ర’ ట్యాబు. ఎవరు ఎప్పుడు ఏం రాశారు, ఏది కొట్టేశారు, అన్నీ అందులో ఉంటాయి. ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం ఎందుకు రాదో రాయమని నలుగురికి ఒక పేజీ ఇచ్చారనుకుందాం. ‘చంద్రుడు అప్పుడప్పుడు మాత్రమే భూమి నీడలోకి వెళ్తాడు’ అని ఒకరు రాస్తారు. ‘అప్పుడప్పుడే ఎందుకు?’ అని ఇంకొకరు కామెంట్ పెడతారు. రెండు రోజులకు, చంద్రుడి కక్ష్య భూకక్ష్యతో సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుందన్న వాక్యం వచ్చి చేరుతుంది. ఆ రెండు రోజుల్లో జరిగిందే చదువు. నోటుబుక్కులో ఫెయిర్ కాపీ మాత్రమే చూసే టీచర్‌కి అది కంటబడదు. క్లాసులో నోరు విప్పని పిల్ల పేజీలో సగం తనే రాసిందన్న సంగతి కూడా బయటపడుతుంది.

వీడియోల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివింది చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. వీడియోను రెండోసారి చూసినప్పుడు కూడా అర్థమైపోయినట్టే ఉంటుంది. చూశాక ఫోన్ పక్కన పెట్టి నాలుగు వాక్యాలు రాయమనాలి.

తప్పు రాస్తే అందరూ చూస్తారన్న టెన్షన్ పిల్లలకు నిజంగానే ఉంటుంది. అందుకే పేజీ మొదట ఆ నలుగురికీ టీచర్‌కీ మాత్రమే కనిపించాలి, మార్కులు దిద్దుబాట్లకు కూడా ఇవ్వాలి. ఇక టీచర్ సమయం సంగతి. నలభై మంది క్లాసులో పది పేజీలవుతాయి. వాటి చరిత్ర చూసి ఒక్కోదానికి పనికొచ్చే మాట రాయాలంటే గంటలు పడుతుంది. కొత్త యాప్‌లు కొనిస్తున్న యాజమాన్యాలు టైంటేబుల్‌లో ఆ పనికి వారానికి రెండు పీరియడ్లయినా కేటాయించాలి.