మేనేజర్ గారి కాలింగ్ బెల్లుకి మూడు మోతలవాడు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ బెల్లు గారికి,

ఆయ్, నమస్కారమండి. ఒక మోతకి అటెండరు, రెండింటికి క్యాషియరు బాబాయ్, మూడింటికి నేను. పాలకొల్లులో ఇంటి దగ్గర నాకు ముద్దుపేరుతో కలిపి రెండు పేర్లుండేవి. భీమవరంలో ఈ రొయ్యల మేత ఆఫీసులో చేరిన తొమ్మిది నెలల్లో రెండూ పోయి, మోతలే మిగిలాయి. మొన్న ఆదివారం వీధిలో ఐసు బండి గంట కొడితే అన్నం ముందు నుంచి లేచి నిలబడ్డానండి. మా అమ్మ కంగారుపడింది.

ఆ రోజు గుర్తుందా? సాయంత్రం ఆరింటికి, నా రైలుకి ఇంకో ఇరవై నిమిషాలుందనగా మూడుసార్లు మోగారు. పరిగెత్తుకొచ్చాను. సారు ఫోను చూసుకుంటున్నారు. టేబుల్ అద్దం మీద టీ చుక్క ఒకటి ఎండి, చుట్టూ చీమలు చేరేదాకా నిలబడ్డాను. చివరికి తలెత్తి, "నిన్నెవడు రమ్మన్నాడు?" అన్నారు. మోచెయ్యి తగిలిందటండి. మూడుసార్లు!

మా నాన్నగారిది రొయ్యల చెరువు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామునే కాబట్టి మూడింటికే లేచి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకుంటారు. గాలి చాలకపోతే రొయ్యలు పైకి తేలతాయి, టార్చి వేస్తే తెలిసిపోతుంది. మా ఆఫీసులో పదకొండు మందిమి. ఎవరం పైకి తేలం, తేలినవాడికి ముందు మీరే మోగుతారుగా.

జీతం 7వ తేదీలోపు ఇవ్వాలట, అదనపు గంటలకి రెట్టింపు కట్టాలట. చట్టంలో ఉంది. మాకు 20 దాటాక వస్తుంది. అడిగితే "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటారు. మా ఇంట్లో నాకు అన్నం పెట్టడానికి ఎవరూ డిగ్రీ సర్టిఫికెట్ తీసి బీరువాలో పెట్టుకోలేదండి మరి.

బాబాయ్ ఒకరోజు చిన్న పుస్తకం చేతిలో పెట్టి, "తారీఖు, టైము, అన్న మాట అన్నట్టే రాసుకో. నోటితో చెప్పిన పనికి సాయంత్రం 'మీరు చెప్పినట్టే చేశానండి' అని మెసేజ్ పెట్టు" అన్నారు. అప్పట్నుంచి "నేనెప్పుడు చెప్పాను?" అన్న మాట బాగా తగ్గింది. తిట్లు తగ్గలేదు గానీ, తారీఖులతో సహా ఉన్నాయి. ఇంకో చోటికి అప్లికేషన్ కూడా పెట్టాను. ఇది మీ దగ్గరే ఉండనివ్వండి.

ఇక తమరి ఆరోగ్యం. నాలుగు రోజులుగా గొంతు బొంగురుపోయింది, బ్యాటరీలు అయిపోయాయట. కొత్తవి తెమ్మని నాకే చెప్పారు. కానీ యాభై రూపాయలు దాటిన దేనికైనా మూడు కొటేషన్లు కావాలని సారు రూలు. చేరిన వారంలోనే, అరవై రూపాయల స్టాప్లరు కోసం నన్ను ఎండలో మూడు షాపులు తిప్పారు. రూలు తప్పుతానా? రెండు కొటేషన్లు వచ్చాయి. మూడో షాపాయన పెళ్లికని తణుకు వెళ్లారండి. ఎప్పుడొస్తారో ఇంట్లోవాళ్లకీ తెలీదట.

ఇట్లు,
మూడు మోతలు