చిల్లిగవ్వ యాత్ర

మా అమ్మాయి టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటుంది. ఆ పేటలో మన ఇండియావాళ్లు ఎక్కువ. అక్కడికి వెళ్లిన మొదటి వారమంతా నేను జపాన్ చూడకుండా, మినప్పప్పు ఏ కొట్లో చవకో తెలిసిన పెద్దమనుషులతో కబుర్లాడుతూ గడిపేశాను. చూసి చూసి అమ్మాయికి విసుగొచ్చింది.

"నాన్నా, రేపు అమ్మని తీసుకుని యనాకా వెళ్లండి. అక్కడ సందుల్లో ఏడుగురు అదృష్ట దేవుళ్లకి ఏడు గుళ్లున్నాయి. తబాతాలో మొదలుపెట్టి నడుచుకుంటూ వెళితే ఉయెనోలో తేలతారు. జనవరి 10 దాటితే ఈ యాత్ర మళ్లీ ఏడాదిదాకా ఉండదు" అంది.

ఏడుగురిలో ముగ్గురు మనవాళ్లేనట. బెంజైతెన్ అంటే సరస్వతి. బిషమొన్‌తెన్ అంటే కుబేరుడు. దైకొకుతెన్ అంటే సాక్షాత్తూ మహాకాలుడు. కాకపోతే ఈ మహాకాలుడు భుజాన మూట, చేతిలో సుత్తి పట్టుకుని, బియ్యం బస్తాలెక్కి నవ్వుతూ నిలబడతాడు. మా ఆవిడ ఫోన్‌లో ఆ బొమ్మ చూసి, "శ్మశానంలో తిరిగే ఆయన రైసుమిల్లు పెట్టుకున్నాడన్నమాట. పోనీలెండి, పార్వతమ్మ కష్టాలు గట్టెక్కాయి" అంది.

హుండీల్లో వేయడానికి అమ్మాయి అయిదు యెన్ల నాణేలు ఏడు నా కోటు జేబులో పోసింది. ఇత్తడి రంగు, మధ్యలో చిల్లు. అయిదు యెన్లని వాళ్లు 'గో ఎన్' అంటారు. అదే మాటకి ఋణానుబంధం అనే అర్థం కూడా ఉందట. అందుకే గుడికి ఆ నాణెమే శ్రేష్ఠం. చిన్నప్పుడు మా నాయనమ్మ నా మొలతాడుకి కట్టిన చిల్లుకాణీ గుర్తొచ్చింది. దారిలో ఏమైనా తాగడానికని ఒక 500 యెన్ల నాణెం కూడా ఇచ్చింది. దాన్నీ అదే జేబులో వేసుకున్నాను. కథంతా అక్కడే చెడింది.

పొద్దున్న 2 డిగ్రీలు. ఎండ మాత్రం పెళ్లిపందిట్లో ట్యూబ్‌లైటులా వెలిగిపోతోంది, వేడి లేదంతే. మొదటి గుడి తొకాకుజి. గుడి ముందు రెండు రాతి ద్వారపాలకుల విగ్రహాలున్నాయి గానీ రాయి ఎక్కడా కనబడదు, ఒళ్లంతా ఎర్ర కాగితాలే. మనకి ఎక్కడ నొప్పో విగ్రహానికి అక్కడ కాగితం అంటించాలి. తగ్గాక వచ్చి గడ్డిచెప్పులు సమర్పించుకోవాలి. మా ఆవిడ రెండు మోకాళ్లకీ చెరొకటి అంటించి, మూడోది పట్టుకుని నా వైపు చూస్తూ, "తలనొప్పికి ఎక్కడ అంటించాలంటారు?" అంది. నేను వినబడనట్టు ముందుకి నడిచాను.

జపాన్‌వాళ్ల సొంత మతం షింతో. ఆ గుడిలో అయితే రెండు దండాలు, రెండు చప్పట్లు, మళ్లీ ఒక దండం. బౌద్ధుల గుడిలో చప్పట్లు కొట్టకూడదు. ఈ ఏడూ బౌద్ధుల గుళ్లే. ఇదంతా అమ్మాయి నాకు రెండుసార్లు చెప్పింది. నేను ఫెళఫెళా రెండు చప్పట్లు కొట్టాను. చెట్టుమీద కాకి ఎగిరిపోయింది. ఇంకెవరూ ఏమీ అనలేదు. జపాన్‌లో ఎవరూ ఏమీ అనరు, అదే భయం.

రెండో గుడి దగ్గర నీళ్లతొట్టి ఉంది. గరిటెతో ఎడమచేతి మీద పోసుకుని, చెయ్యి మార్చి కుడిచేతి మీద పోసుకోవాలి. పోసుకున్నాను. ఆ తర్వాత ఆ రెండు చేతులూ నావి కావు. వేళ్లెక్కడున్నాయో తెలియలేదు. జేబులో కెలికి, చేతికి తగిలింది తీసి హుండీలోకి విసిరాను. చెక్కపలకల మీద అది 'టంగ్'మంది. అయిదు యెన్ల చప్పుడు కాదది. బరువైన, సంసారపక్షమైన చప్పుడు.

వంగి పలకల సందులోంచి లోపలికి చూశాను. నా వెనకున్న ఒక ముసలమ్మగారు ఇదేదో మా దేశపు పద్ధతి అనుకున్నట్టుంది, ఆవిడా వంగింది. నేను మర్యాదకి మళ్లీ వంగాను. ఆవిడ ఇంకాస్త వంగింది. ఇలా ఎంతసేపు సాగేదో గానీ, మా ఆవిడ నా కోటు పట్టుకుని ఇవతలికి లాగింది. "దాదాపు 300 రూపాయలే!" అన్నాను. "తిరుపతిలో వేసినప్పుడు ఇలా తొంగి చూశారా?" అంది.

తర్వాత మ్యాపు నా చేతిలో ఉన్నందువల్ల దారి తప్పాం. సందు చివర ఒక చిన్న గుడి. మా ఏడింటిలోది కాదు. పేరు బోర్డు మీద ఉంది గానీ, చదవడం మాకు రాదు. నాచు పట్టిన రాతిదీపం, ఆకు రాలిన చెట్టు కింద పొడవాటి చీపురుతో ఊడుస్తున్న ఒక పెద్ద వయసు గురువుగారు. మమ్మల్ని చూసి నవ్వి, లోపలికి రమ్మని సైగ చేశారు.

బూట్లు విప్పాను. ఎడమకాలి సాక్సులోంచి బొటనవేలు పూర్తిగా బయటికొచ్చి, కొత్త ఊరు చూస్తున్నట్టు నిలబడి ఉంది. మన గుళ్లలో సాక్సు కూడా విప్పేస్తాం కాబట్టి దాని సంగతి ఇన్నాళ్లూ దేవుడికి తెలియలేదు. గురువుగారి చూపు కిందికి దిగేలోపు నాకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రెండు సాక్సులూ చకచకా పీకి జేబులో కుక్కుకుని, "ఇండియా... టెంపుల్... నో సాక్స్" అని రెండు చేతులూ జోడించాను.

గురువుగారి కళ్లు పెద్దవయ్యాయి. నిజమేనా అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ మందపాటి ఊలు సాక్సుల్లో హాయిగా నిలబడి, "యెస్ యెస్. వెరీ స్ట్రిక్ట్" అంది.

అంతే. ఇంతటి భక్తుడికి పైపైన చూపించి పంపితే బాగుండదని ఆయనకి అనిపించినట్టుంది. ప్రతి పటం ముందూ ఆగారు. నాకు రాని భాషలో ప్రతిదాని చరిత్రా చెప్పారు. నున్నటి ఆ చెక్కనేల మంచుదిమ్మే. నేను ఒక కాలి మీద ఇంకో కాలు వేసి నిలబడితే, అది కూడా ఏదో ఆసనమనుకుని ఆయన మెచ్చుకోలుగా తలూపారు. వాకిట్లో స్లిప్పర్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని నాకు ఇవ్వబోయి, నా దీక్ష గుర్తొచ్చి, క్షమించమన్నట్టు వంగి దండం పెట్టి మరీ వెనక్కి పెట్టేశారు. ఏడుపొచ్చింది. ఆయన దాన్నీ భక్తే అనుకున్నారు.

బయటపడ్డాక మిగతా గుళ్లలో ఏం చూశానో నాకు సరిగా గుర్తులేదు. తెన్నోజిలో 1690 నాటి కంచు బుద్ధుడు ఎండలో ప్రశాంతంగా కూర్చున్నాడు. నేను ఆయన పాదాలే చూశాను, వట్టివే. ఉయెనో తోషోగూ అనే గుడి పక్క తోటలో శీతాకాలం పూసే పియోనీలున్నాయి. అరచేతిని మించిన గులాబిరంగు పువ్వు ఒకటి, దానికి మంచు తగలకుండా గడ్డితో కట్టిన బుల్లి పూరిపాక. పాకలోంచి తొంగి చూస్తున్న కొత్తకోడలిలా ఉంది. "చూశారా, పువ్వుకి ఎంత శ్రద్ధగా కట్టారో. మీరు ఒక్క సాక్సు కుట్టించుకోలేకపోయారు" అంది మా ఆవిడ.

ఆఖరిది షినొబజు చెరువు మధ్యలో సరస్వతీదేవి గుడి. చెరువు నిండా ఎండి విరిగిన తామరకాడలు. గుడిగుడికీ కాగితం మీద వేసే ముద్రల్లో చివరిది వేయించుకుని, చివరి నాణెం వేసి, జేబులో చెయ్యి పెడితే ఇంకొక అయిదు యెన్లు తగిలింది. 500 వెళ్లిన చోట వెళ్లాల్సినది ఇది. అంటే నా చేతిలో ఇప్పుడు అక్షరాలా చిల్లిగవ్వ మిగిలింది.

గుడి దారిలో ఒక బండి మీద అమజాకె అమ్ముతున్నారు. బియ్యంతో చేసే తియ్యటి పానీయం, గ్లాసులోంచి పొగలు. మా ఆవిడ చేతిరుమాలు ముడి విప్పి ఒక నోటు తీసింది. నేను ఆశగా దగ్గరికి జరిగాను. ఒకే గ్లాసు కొంది.

"నాకో?" అన్నాను.

ఒక గుక్క తాగి, నింపాదిగా నా కాళ్ల వైపు చూసి, "దీక్షలో ఉన్నవాళ్లు బయట ఏమీ పుచ్చుకోకూడదండీ. వెరీ స్ట్రిక్ట్" అంది.